నెలకి ఒక్క అంకె

స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ అయిన ఏడాదికి నాకు అనకాపల్లిలో ఉద్యోగం దొరికింది. రెండువేల అయిదు దాటిన రోజులు. కొండల్లోని నీటి వనరుల మీద పనిచేసే చిన్న సంస్థ అది. ఎరువుల దుకాణం మేడ మీద రెండు గదులు. ఒక గదిలో మా సారు, రెండో గదిలో నేనూ ఒక కంప్యూటరూ, గోడవారగా రిజిస్టర్ల దొంతరలూ. కశింకోట నుంచి షేర్ ఆటోలో నలిగి వచ్చి, ఫేను కింద అయిదు నిమిషాలు కూర్చుని పని మొదలెట్టేదాన్ని.

మా వైపు వాగుని గెడ్డ అంటాం. గొలుగొండ దాటి లోపలికి వెళ్తే అలాంటి గెడ్డకి అవతల ముప్పై ఇళ్ల ఊరు ఒకటి ఉంది. మెట్ట పొలాలు, జీడితోటలు, రాగులు. ఆ ఊరివాళ్లు బడికి వెళ్లాలన్నా, సంతకి వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా గెడ్డ దాటాల్సిందే. కాలినడక వంతెన కోసం ఏళ్ల తరబడి అడుగుతున్నారు. నీళ్లెంత వస్తాయో కొలిచి కాగితం మీద చూపిస్తే అడగడం తేలికవుతుందని మా సారు ఆలోచన. గెడ్డలోని పెద్ద బండకి సెంటీమీటర్ల గీతలు గీయించి, వాటిని చూసి రాయడానికి ఆ ఊరి మనిషినే పెట్టేరు.

ఆవిడకి ముప్పై అయిదేళ్లుంటాయి. ఏడో తరగతి దాకా చదువుకుంది. వానాకాలమంతా పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకోసారి గీత చూసి రాసేది. రోజుకి పదమూడు అంకెలు. ఆవిడ పొలం గెడ్డ ఒడ్డునే కాబట్టి కుదిరేది. రిజిస్టరుని పాలిథిన్ సంచిలో చుట్టి నడుముకి కట్టుకుని కలుపు తీసేదట. నెలాఖరుకి ఆ రిజిస్టరు బస్సులో మా ఆఫీసుకి వచ్చేది. పేజీల మధ్య ఎండిన మట్టి, అప్పుడప్పుడు ఒక రాగి గింజ. అంకెలు మాత్రం ఎక్కడా కొట్టివేతల్లేకుండా ముత్యాల్లా ఉండేవి.

నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేదాన్ని. నెలకి సుమారు నాలుగు వందలు. అన్నీ ఎక్కించేక సారు ఒకటే అన్నారు.

"గంటగంటకీ ఎవరు చూస్తారమ్మా? పై ఆఫీసు వాళ్లకి నెలకి ఒక్క అంకె ఇవ్వు చాలు."

నాకు అది చిటికెలో పని. ఆర్ అనే ఉచిత ప్రోగ్రాం యూనివర్సిటీలో నేర్చుకున్నాను. తేదీలోంచి నెలని విడదీసి, ఆ నెలకి చెందిన అంకెలన్నిటినీ ఒక గుంపు చేసి, ఆ గుంపుని ఏం చెయ్యాలో చివర్న ఒక మాట రాయాలి. మీన్ అని రాస్తే సగటు వస్తుంది. మేక్స్ అని రాస్తే అన్నిటిలోకీ పెద్ద అంకె వస్తుంది. నేను మీన్ అని రాసేను. అలా ఎందుకు రాసేనంటే అందరూ అలాగే రాస్తారని. ఎంటర్ నొక్కగానే నాలుగు నెలల గెడ్డ నాలుగు అంకెలై తెర మీద నిలబడింది. నాకెంత గర్వం వేసిందో. సారుని పిలిచి చూపించేను. ఆయన కూడా మెచ్చుకున్నారు.

ఆ అక్టోబర్లో మొదటిసారి ఆ ఊరు వెళ్లేను. గెడ్డ మోకాళ్ల దాకా కూడా లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని దాటేను. ఆవిడ అవతలి ఒడ్డున నా కోసం నిలబడి ఉంది. నన్ను చూడగానే, "నానేదో పెద్దావిడ వత్తాదనుకున్నాను, సిన్నపిల్లవే!" అని నవ్వింది. ఆ క్షణం నుంచి నేను ఆవిడకి సెల్లిని, ఆవిడ నాకు అప్ప. మా వైపు అక్కని అలాగే అంటాం.

ఇంటికి తీసుకెళ్లి రాగి అంబలి ఇచ్చింది. భర్త అరుగు మీద కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఎక్కువ మాట్లాడడు. నేను అచ్చు తీసిన కాగితం చూపించి, "ఇదిగో అప్పా, నువ్వు రాసిందంతా ఇందులోకి వచ్చింది," అన్నాను.

ఆవిడ కాగితం దగ్గరగా పెట్టుకుని చదివింది. "ఆగస్టు నెల, నలభై ఒకటి. ఇదేటి?"

"ఆ నెల సగటు. అన్నీ కలిపి లెక్క కడితే గెడ్డలో నలభై ఒక సెంటీమీటర్ల నీళ్లు."

"నలభై ఒకటా? ఆ నెల్లో గెడ్డ నా గుండెల కాడికి వచ్చీసింది సెల్లీ. నానే రాసేను గదా."

"రాసేవు. కానీ అది రెండు మూడు గంటలే కదా. మిగతా రోజంతా తక్కువే ఉంటుంది. అందుకని సమానంగా సర్దితే అంతే వస్తుంది."

ఆవిడ భర్త వంక చూసింది, మళ్లీ నా వంక చూసింది. "తక్కువున్నప్పుడు మాకు వంతెనెందుకు? సిన్నపిల్లలు కూడా దాటీగలరు. ఆ రెండు మూడు గంటల కోసవే గదా అడుగుతన్నాం. అదే నేకపోతే ఈ కాయితం దేనికి?"

ఏడో తరగతి చదివినావిడ ఒక్క మాటలో నా పని లోపం పట్టుకుంది. తప్పుని అక్కడే ఒప్పుకోడానికి నామోషీ అనిపించి, "లెక్కల్లో పద్ధతులుంటాయి అప్పా," అన్నాను. తర్వాత కాస్త తగ్గి, "పెద్ద అంకె కూడా పక్కన వేస్తాలే," అని మాటిచ్చేను.

తిరిగొచ్చేక సారుతో చెప్పేను. ఆయన వంతెన అర్జీకని పై ఆఫీసు వాళ్లిచ్చిన ఫారం తిప్పి చూసి, "ఇందులో నెలకి ఒక గడే ఇచ్చేరు. రెండోది వేస్తే ఎందుకని అడుగుతారు. ఇలా పంపించెయ్యి," అన్నారు. ఫారానికి ఇంకో కాగితం జతచెయ్యొచ్చు. పది నిమిషాల పని. ఆయన వద్దని కోప్పడలేదు కూడా. నేనే ఊరుకున్నాను. కొత్త ఉద్యోగం, సారు దగ్గర మంచి పేరు, ఎందుకు ఎదురు చెప్పడం అనుకున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని కారణాలు వెతుక్కున్నా అంతకంటే పెద్దదేం కనపడలేదు.

మూడు నెలలకి జవాబు వచ్చింది. సగటు నీటిమట్టం మోకాలి లోతు మాత్రమే ఉన్నందున ప్రస్తుతం వంతెన అవసరం కనిపించడం లేదని రెండు వాక్యాలు. సారు నిట్టూర్చి ఫైల్లో పెట్టేరు. ఊళ్లో ఈ సంగతి ఎవరు చెప్పేరో నాకు తెలియదు. నేను చెప్పలేదు. ఆ వేసవంతా ఆ వైపు వెళ్లలేదు.

మళ్లీ వానలు పడ్డాయి. మళ్లీ రిజిస్టర్లు రావడం మొదలైంది. ఆగస్టు రిజిస్టరు ఎక్కిస్తున్నప్పుడు ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగింది. రెండు గంటలకి ముప్పై ఎనిమిది. మూడింటికి తొంభై ఏడు. నాలుగింటికి నూట నలభై ఒకటి. అయిదింటికి నూట ఇరవై ఎనిమిది. ఆరింటికి డెబ్భై నాలుగు. చివరి నాలుగు అంకెలూ వంకర్లు పోయి గీతలు దాటి ఉన్నాయి. వానలో తడుస్తూ రాసిందేమో అనుకున్నాను. మర్నాటి నుంచి చేతిరాత వేరే ఎవరిదో. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. ఎక్కించేను. ఎంటర్ నొక్కేను. ఆగస్టు నెల, నలభై నాలుగు.

వారం తర్వాత గొలుగొండ నుంచి వచ్చిన మా ఫీల్డు మనిషి కుర్చీలో కూర్చుంటూనే చెప్పేడు. ఆ వంకర అంకెలు రాసిన రోజు మధ్యాహ్నం ఆవిడ భర్తని జీడితోటలో పాము కరిచింది. మోసుకుని ఒడ్డుకి వచ్చేసరికి గెడ్డ పొంగి ఉంది. అవతల జీపు నిలబడే ఉంది. మూడు గంటలు ఇటు వీళ్లు, అటు జీపు. ఆరింటికి నీళ్లు కొంచెం తగ్గేక నలుగురు భుజాల మీద ఎత్తుకుని దాటించేరు. ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు. మోకాలి కిందకి తీసేసేరు.

మర్నాడే బయల్దేరేను. అరుగు మీద ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తెల్లటి కట్టు. నన్ను చూసి లేవబోయి, లేవలేనని గుర్తొచ్చి, "రా మేడమ్మా, కూకో," అన్నాడు.

ఆవిడ లోపల్నుంచి వచ్చింది. నోటికి వచ్చింది అడిగేను. "అప్పా, అంత కష్టంలో కూడా అంకెలు ఎలా రాసేవు?"

"రాద్దామని రాయనేదు సెల్లీ. నీళ్లు తగ్గితేనే గదా దాటించాల. ఆ బండ మీద గీతలే సూత్తా నిలబడ్డాను. గంటయితే రాయడం సెయ్యికి అలవాటయిపోనాది."

అప్పుడు చెప్పేను. కిందటేడు ఇచ్చిన మాట నేను నిలబెట్టుకోలేదని, పెద్ద అంకె పంపలేదని, అందుకే వంతెన అక్కర్లేదన్నారని, తప్పు నాదని. చెప్తూ ఏడ్చేను. ఆవిడ ఏడవలేదు. తిట్టలేదు కూడా. "ఆ నాడే సెప్పేను నీకు," అంది. అంతే. లోపలికి వెళ్లి, ఇంక తను రాయనన్నట్టు, మిగిలిన కొత్త రిజిస్టరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఆఫీసుకి వచ్చి సారుని అడక్కుండానే మొత్తం లెక్క మళ్లీ చేసేను. ఒక్కో నెలకి పెద్ద అంకె, నడుము లోతు దాటిన గంటలెన్ని, ఎన్ని రోజుల్లో, ఒక్కోసారి దారి ఎంతసేపు మూసుకుపోయింది. ఆ అయిదు అంకెల రోజుని ఉన్నదున్నట్టు వేరే కాగితం మీద అచ్చు వేసి, కింద ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాలుగు వాక్యాలు రాసి జత చేసేను. సారు చదివి సంతకం పెట్టేరు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం చూసేను. ఈసారి ఇంజినీరు స్వయంగా వచ్చి చూసేరు. ఆ తర్వాత రెండేళ్లకి వంతెన కట్టేరు.

మొదటిసారే సరిగ్గా పంపితే ఆ ఏడే వంతెన వచ్చుండేదని చెప్పలేను. రెండేళ్లు ఎలాగూ పట్టేదేమో, ఆయన కాలు ఎలాగూ పోయేదేమో. నా భర్త ఇప్పటికీ అదే అంటారు. నిజమే కావొచ్చు. కానీ ఆ మాట నాకు నేను చెప్పుకుని నిద్రపోలేను.

వంతెన తెరిచిన రోజు ఊరంతా అటూ ఇటూ నడిచేరు. వాళ్లిద్దరూ లేరు. ఒంటి కాలితో కొండవాలు పొలం చెయ్యలేక, అంతకుముందు ఎండాకాలంలోనే నక్కపల్లి వైపు ఆవిడ తమ్ముడి దగ్గరకి వెళ్లిపోయేరని చెప్పేరు. ఊరి పేరు అడిగి రాసుకున్నాను.

వెళ్లడానికి ఇంకో ఏడాది పట్టింది. హైవే మీద దిగి, ఆటో ఎక్కి, వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. తాళం వేసి ఉంది. పక్కింటావిడ, "సరుగుడు తోటకి పనికెళ్లేరు, పొద్దుగూకితే వత్తారు, కూకో," అని పీట వేసింది. ఒక గంట కూర్చున్నాను. తెచ్చిన పళ్లు ఆవిడ చేతికిచ్చి, బస్సు దొరకదని చెప్పి లేచేను.

బస్సు దొరికేది. హైవే మీద ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఆవిడ వచ్చి నా ఎదురుగా నిలబడితే ఏం మాట్లాడాలో తెలియక లేచొచ్చేసేను. మళ్లీ వెళ్లలేదు.