నూట పదమూడు పుల్లలు

ఒక కుండెడు అన్నం ఉడికించబోయి నేను ఒక కాపురాన్ని పొయ్యిలో పెట్టాను. కాపురం నాదే. అప్పటికింకా మొదలు కూడా కాలేదు.

యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు ఇరవై మూడేళ్లు. పలమనేరులో ఒక కట్టెల డిపోలో దుంగలు కొలిచే పని. చదువు మూడో తరగతితో ఆగిపోయినా, చిరిగిన లెక్కల పుస్తకం ఒకటి పట్టుకుని ఘనపుటడుగులదాకా నాకు నేనే నేర్చుకున్నాను. నేర్చుకున్నవాడు ఊరుకుంటాడా? ఎదురుగా ఎనుము నడిచి వస్తున్నా పొడవూ వెడల్పూ ఎత్తూ గుణించేసేవాణ్ని.

పెళ్లయి ఏడు నెలలైంది. రాజమ్మను కాపురానికి తెచ్చుకుందామని అత్తగారింటికి వెళితే, అత్తగారు నడుం పట్టుకుని కూర్చుని ఉంది. మా వైపు అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. తలుపు చాటునుంచి బండి తోలే మునెప్పకు చెబుతుంది, మునెప్ప నాకు చెబుతాడు. మధ్యలో దూరం నాలుగడుగులే అయినా పద్ధతి పద్ధతే.

"మునెప్పా, నా నడుం ఇట్లుంటే బిడ్డను యాడ పంపేది? నాకు నీళ్లెవురు తెస్తారు? ఊగుడుగుండు కాడ మూడు దినాలుండి మొక్కు తీర్చుకుంటా. నడుం నిలబడితే పంపిస్తా. లేదంటే లేదు."

"ఇన్నావు కదప్పా?" అన్నాడు మునెప్ప నావైపు తిరిగి.

"విన్నాను. సరేనని చెప్పు."

"సరేనంటా ఉండాడు తల్లీ."

గూడుబండిలో బియ్యం, చట్టీకుండలు, చాపలు వేసుకుని బయల్దేరాం. ఆ మూడు రోజులూ ఆ బండే మా ఇల్లు. రిజర్వు అడవి అంచున గార్డు ఆపి, "పచ్చికొమ్మ ఒక్కటి నరికినా కేసే," అని చెప్పి వదిలాడు.

మధ్యాహ్నానికి చేరాం. బండి దిగి తలెత్తాను. అంతే, దించలేకపోయాను.

కొండంతా ఒకే బోడిరాయి. దానిమీద గుండ్లు, గుండ్లమీద గుండ్లు. ఎవరో పెద్ద పిల్లలు ఆడుకుంటూ ఆడుకుంటూ అన్నానికి పిలిస్తే లేచిపోయినట్టున్నాయి. అన్నిటికీ ముందు, వాలు అంచున, ఊగుడుగుండు. దాని పక్కన మా గూడుబండి అగ్గిపెట్టె. అంత రాయీ నేలను తాకేది చేటంత చోట! కాసేపు నాకు అంకెలే గుర్తుకు రాలేదు. నా జీవితంలో అలా జరగడం అదే మొదలు.

గుర్తొచ్చాక మాత్రం ఆగలేదు. గుండ్రని మూలలు తీసేయగా రెండువేల ఘనపుటడుగులు, అడుగుకు నూట అరవై అయిదు పౌండ్లు, మొత్తం మూడు లక్షల ముప్పై వేలు. అంటే నిండుగా నింపిన రెండువందల ఇరవై బండ్లు ఒక చేటమీద నిలబడి ఉన్నాయి.

దాని కింద చుట్టూ చేతివేలంత లావు పుల్లలు నిలబెట్టి ఉన్నాయి. నడుం నొప్పి ఉన్నవాళ్లు గుండుకు ఒక పుల్ల ఊతంగా పెడతారు. 'నీ నడుం నేను పడతా, నా నడుం నువ్వు పట్టు' అని దానితో ఒప్పందం. అత్తగారు తన పుల్లకు పసుపు పూసి, లోపలికి వంగలేక అంచునే పెట్టింది.

ఏం మహిమో, మర్నాటి పొద్దునకు ఆవిడ లేచి తనంతట తనే రాజమ్మతో కలిసి నీళ్లచెలమకు నడిచింది! నా గుండె ఉబ్బిపోయింది. వాళ్లు తిరిగొచ్చేలోగా వేడివేడి అన్నం వండిపెడితే ఇక అడ్డేముంది?

అడ్డల్లా కట్టెలే. తెల్లవారుజామున కురిసిన జల్లుకు అడవంతా తడిసింది. పచ్చికొమ్మ నరికితే కేసు. గుండు కింద మాత్రం గలగలలాడే ఎండుపుల్లలు. మా డిపోలో కూడా అంత మేలైన సరుకు లేదు. లెక్క వేశాను. ఆ బరువులో పుల్లలు మోసేది సున్న. సున్న తీసేస్తే ఏం తగ్గుతుంది? పసుపు పుల్లను వదిలేద్దామని వెతికాను. కనబడలేదు. మరి పీకడానికి అడ్డేమిటి? పీకాను.

పొయ్యి భగ్గున మండింది. ఒక్క పుల్ల మాత్రం పొగ పెట్టింది.

అత్తగారు బిందెతో వస్తూ ఆగిపోయింది. "మునెప్పా, పొయ్యిలో పసుపు వాసన ఎందుకొస్తా ఉండాది?"

అంచునున్న పుల్లకు వాన తగులుతుందనీ, రంగు పోయి వాసన మాత్రం మిగులుతుందనీ నా లెక్కలో లేదు. ఆవిడ గుండు కిందికి చూసింది. బిందె జారింది. "అబ్బా!" అని నడుం పట్టుకుని ఉన్నచోటనే వంగిపోయింది.

"మునెప్పా! ఎన్ని పీకినాడో అడుగు."

"ఎన్ని పీకినావప్పా?"

ఇంకెవరైనా 'ఏవో నాలుగు' అనేవాడు. నేను, "నూట పదమూడు," అన్నాను. దేనితోనూ భాగించలేని సంఖ్య. పాపంలో ఎవరికీ వాటా ఇవ్వడానికి వీల్లేదు. "అయినా అవి మోసే బరువు సున్న అని చెప్పు మునెప్పా."

"సున్నంట తల్లీ."

"సున్నయితే నా నడుం ఎందుకు పట్టిందో లెక్క జెప్పమను! నూట పదమూడూ తిరిగి పెట్టాల. ఒకటి తగ్గినా బిడ్డ నా ఇంట్లోనే!"

రాజమ్మ నా పక్కనుంచి పోతూ, "ఇంగొకసారి సున్న అన్నావంటే నేనే రాను," అని గొణిగింది.

రాలిన తడిపుల్లలు ఏరుకుని గుండు కిందికి బోర్లా పాకాను. తలకు జానెడు పైన రెండువందల ఇరవై బండ్లు. రాయికీ రాయికీ మధ్య సన్నని సందులోంచి అవతలి ఆకాశం కనబడుతోంది. చీమలు నింపాదిగా వస్తూ పోతూ ఉన్నాయి. బరువు ఏ పక్కకు ఎంతో మూడుసార్లు లెక్క వేశాను. మూడుసార్లూ నా లెక్కలో గుండు దొర్లిపోయింది. తలెత్తి చూస్తే అక్కడే ఉంది. నా అంకెలు పుట్టకముందునుంచీ నిలబడి ఉంది అది, ఎవరినీ అడక్కుండా. "పడొద్దు సామీ," అని నాకు తెలియకుండానే అన్నాను. ఆ తర్వాత పెట్టిన ప్రతి పుల్లనూ, గుండంతా దానిమీదే ఆగుతుందన్నట్టు, రెండు చేతులా నొక్కి పెట్టాను.

నూట పదమూడోది పెట్టి వెనక్కి పాకి, లేవబోయాను. లేవలేదు. నడుం సగంలో పట్టేసింది. కొడవలిలా వంగి, నేలను చూస్తూ నిలబడ్డాను.

ముందు రాజమ్మ నవ్వింది. మునెప్ప తలపాగాలో మొహం దాచుకున్నాడు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకుంది, ఆపుకుంది, ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఆ ఊపుకు ఆవిడ నడుంలో ఎక్కడో టక్కుమంది. మనిషి నిట్టనిలువుగా నిలబడింది!

పుల్లలా, నవ్వా? నాకు ఈనాటికీ తేలలేదు. ఆవిడ మాత్రం పద్ధతంతా మరిచి నేరుగా నాతోనే అంది: "ఏం నాయనా, నొప్పి నా కాణ్నించి నీకొచ్చెనా?" తర్వాత కూతురితో, "బిడ్డా, బండిలో ఎక్కు. ఇట్లనే పలమనేరికి పో. ఈ మనిషికి చెప్పు తొడగనీకి కూడా ఇంగొకరు కావాల!"

మునెప్ప అలవాటుకొద్దీ నావైపు తిరిగాడు. "బిడ్డను పంపిస్తా ఉండాదంటప్పా."

"విన్నాను మునెప్పా," అన్నాను, నేలతో.

బండి గడ్డిలో బోర్లా పడుకుని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నిలబడి ఉన్న దేనికిందనుంచైనా సరే, ఎంత చిన్న పుల్లయినా సరే, లెక్కలో ఎంత సున్నగా తేలినా సరే, ఈ జన్మలో పీకను. బియ్యం పచ్చిగానే తింటాను.