ముగ్గు డబ్బా బరువు

నిన్న సాయంత్రం మా ఆఫీసులో పనిచేసే దివ్య అవనిగడ్డ సైటు నుంచి వచ్చి, ముగ్గు డబ్బాని నా బల్ల మీద పెట్టింది. రేకు డబ్బా ధన్‌మని చప్పుడు చేసింది. మూత సందులోంచి లేచిన తెల్లటి దుమ్ముకి నా గొంతులో గరగర మొదలైంది. "పోశానండీ. వాళ్లకి నచ్చింది" అని చెప్పి తన కుర్చీలోకి వెళ్లిపోయింది. ఆ చప్పుడూ ఆ మాటా రెండూ నాకు కొత్త కావు. కొన్నేళ్ల కిందట బందరులో ఖాదర్ మేస్త్రి గారి బల్ల మీద ఇదే డబ్బాని నేనూ అలాగే పెట్టాను. అదే మాట చెప్పాను.

ఖాదర్ మేస్త్రి గారు వడ్రంగి. ఇల్లు కట్టేవాళ్లు పునాదులకు ముగ్గు పోయడం అందరికీ తెలిసిందే. ఈయన ఇంటి లోపల పోసేవారు. గది మధ్యలో చెక్కగోడ రావాలన్నా, ఉన్న బీరువా జరగాలన్నా ముందు నేల మీద అసలు కొలతకే గీతలు గీసేవారు. "ఇది గోడ అనుకోండి. ఒక్కపూట దీన్ని దాటకుండా మీ పనులు చేసుకోండి" అని చెప్పి, ఓ మూల కూర్చుని చూసేవారు. ఎవరు ఎక్కడ మరిచిపోయి గీత దాటారో చూసుకున్నాకే రంపం పట్టేవారు. లాక్‌డౌన్ తర్వాత ఆఫీసులు ఇళ్లలోకి వచ్చేసి పని పెరిగేసరికి, కంప్యూటర్లో డిజైన్లు గీయడానికి నన్ను పెట్టుకున్నారు. రంపపు పొట్టు పడకుండా షాపులో నాకో అద్దాల గది కూడా కట్టించారు. నేనేమో విజయవాడలో ఇంటీరియర్ డిజైన్ చదివొచ్చిన మనిషిని. నేల మీద చతికిలబడి ముగ్గు పోయాలంటే తల కొట్టేసినట్టుండేది.

"మేస్త్రి గారూ, త్రీడీలో గది మొత్తం కనపడుతుంది కదండీ. మళ్లీ ఈ ముగ్గెందుకు?" అని ఓసారి అడిగేశాను.

ఆయన నా కంప్యూటర్ వైపు చూశారు. "నీ బొమ్మ బ్రహ్మాండంగా ఉందమ్మాయ్. కాకపోతే అందులో ఎవరూ మంచినీళ్లకి లేవట్లేదు" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

గుడివాడ పని అప్పుడే వచ్చింది. రాజ్యలక్ష్మి గారిది ఒక హాలు, వంటగది మాత్రమే ఉన్న ఇల్లు. ఆవిడ భర్త ప్రసాద్ గారు లారీ డ్రైవరుగా చేసేవారు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. హాల్లో ఆయన మంచం, మంచానికి ఎదురుగా ఆవిడ కుట్టుమిషను. కుట్టుపని మీద ఇల్లు గడవడం కష్టంగా ఉన్న సమయంలో, ఇంటి నుంచే చేసుకునే కాల్ సెంటర్ ఉద్యోగం ఒకటి ఆవిడకి దాదాపు ఖాయమైంది. తలుపున్న గది ఉండాలి, బయటి చప్పుడు వినపడకూడదు, స్క్రీను ఇంకెవరికీ కనపడకూడదు. సోమవారం పదకొండింటికి కంపెనీవాళ్లు వీడియోలో గదిని చూస్తారు. నచ్చకపోతే ఆ ఉద్యోగం వేరేవాళ్లకి పోతుంది.

గురువారం మేస్త్రి గారు ముగ్గు డబ్బా ఇచ్చి నన్ను గుడివాడ పంపారు. నేను వెళ్లేసరికి ఆవిడ ఇల్లు తడిగుడ్డ పెట్టి అద్దంలా తుడుచుకుంది. బ్యాగులోంచి లాప్‌టాప్ తీశాను గానీ డబ్బా తీయలేదు. హాల్లో సగాన్ని గదిగా మార్చిన నా బొమ్మ చూసి, "ఎంత బావుందండీ! ఇది మా ఇల్లేనా?" అందావిడ. అంతకన్నా ఏం కావాలి? గాల్లో తేలుతూ బస్సెక్కాను. శనివారానికి గోడ లేచింది. చప్పుడు రాకుండా రెండు చెక్కల మధ్య థర్మోకోల్ కూడా కుక్కించాను. ఆ తెలివి నాదేనని పనివాళ్ల దగ్గర గొప్పలు పోయాను.

ఆదివారం పొద్దున ఓసారి సరిచూసుకుందామని ఆవిడా నేనూ లోపలికెళ్లి తలుపు వేసుకున్నాం. ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని అరగంట మాట్లాడటం సాధన చేసింది. బయట ప్రపంచం ఉన్నట్టే తెలియలేదు. "చూశారా, చీమ చిటుక్కుమన్నా వినపడదు" అంటూ నేనే తలుపు తీశాను.

ప్రసాద్ గారు మంచానికీ గోడకీ మధ్య కింద పడి ఉన్నారు. నుదుటి మీంచి రక్తం కారుతోంది. పక్కన నీళ్ల గ్లాసు బోర్లా పడి ఉంది. పనిచేసే ఎడమచేత్తో నేలని కొడుతూనే ఉన్నారు. ఎంతసేపటి నుంచి కొడుతున్నారో మాకు తెలియదు. ఆయన నా వైపు చూసిన చూపు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

వీధి చివరి డాక్టరు గారు వచ్చి మూడు కుట్లు వేశారు, ప్రమాదం లేదన్నారు. రాజ్యలక్ష్మి గారు ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "నాకీ ఉద్యోగం వద్దండీ. ఆ గోడ పీకేయండి" అంది, అంతే.

మేస్త్రి గారికి ఫోన్ చేశాను. అంతా విని, "ఆయనకెలా ఉంది?" అని మాత్రం అడిగి పెట్టేశారు. రెండు గంటల తర్వాత ట్రాలీ ఆటోలో దిగారు. ముందు ప్రసాద్ గారి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. తర్వాత రాజ్యలక్ష్మి గారితో, "పొరపాటు మాదమ్మా. ఒక్క పది నిమిషాలు ఎప్పట్లాగే మిషను కుట్టండి" అన్నారు.

"ఇప్పుడా?"

"ఇప్పుడేనమ్మా."

ఆవిడ కుట్టింది. జాకెట్టు చెయ్యి ఒకటి పూర్తయ్యేలోపు ఎనిమిదిసార్లు తలెత్తి మంచం వైపు చూసింది. తను చూస్తున్నట్టు ఆవిడకే తెలియదు. గురువారం ఒక్కపూట కూర్చుని ఉంటే నాకు తెలిసేది. మేస్త్రి గారు లేచి, కొత్త గదిలో ఆవిడ కుర్చీ దగ్గర్నుంచి బయట మంచం తలగడ దాకా ముగ్గుతో ఒకే ఒక్క గీత గీశారు. "ఈ దారిలో చెక్క ఉండకూడదు" అన్నారు.

ఆదివారం అద్దాల షాపులేవీ తీసి ఉండవు. కానీ ఆయన ఆటోలో, పాత దుప్పట్ల మధ్య అద్దం ఉంది. నా గదికి బిగించిన అద్దమే! గోడని దాని కొలతకి కోసి బిగించారు. స్క్రీను వీపు అద్దం వైపు ఉండేలా బల్ల తిప్పించారు. ప్రసాద్ గారి ఎడమచేతి కింద ఒక స్విచ్చి పెట్టి, ఆవిడ బల్ల మీద ఎర్ర బల్బు పెట్టించారు. గంట పెడితే ఫోన్లో వినపడుతుందని బల్బు. "రేపొక్కరోజు చూడండమ్మా. వద్దంటే నేనే పీకేస్తాను" అని ఒప్పించారు.

సోమవారం పదకొండింటికి మేస్త్రి గారూ నేనూ ప్రసాద్ గారి మంచం పక్కన నిలబడ్డాం. థర్మోకోల్ పుణ్యమా అని ఒక్క మాటా వినపడదు. అద్దంలోంచి ఆవిడ పెదాలు కదలడం ఒక్కటే కనపడుతోంది. లాప్‌టాప్ నెమ్మదిగా గది చుట్టూ తిప్పి, అద్దం వైపు రాగానే ఆగిపోయింది. ఏదో చెప్తోంది. మళ్లీ చెప్తోంది. సరిగ్గా అప్పుడే ప్రసాద్ గారు స్విచ్చి నొక్కారు. లోపల ఎర్ర బల్బు వెలిగింది. ఆవిడ మాట ఆపకుండానే ఎడమ అరచేయి కొద్దిగా ఎత్తి, ఉండమన్నట్టు చూపించింది. ఆయన స్విచ్చి వదిలేసి, మూతి ఒకవైపుతోనే నవ్వారు. వెలుగుతుందో లేదో చూసుకున్నారంతే.

ఆవిడ బయటికొచ్చి, "ఆ అద్దం అవతల ఎవరని అడిగారండీ. మావారని చెప్పా. స్క్రీను కనపడకపోతే సరేనన్నారు" అంటూ అప్పుడు ఏడ్చింది.

తిరుగు బస్సులో ఇక ఉండబట్టలేక, "మేస్త్రి గారూ, నేను గురువారం ముగ్గు పోయలేదండీ. అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు. డబ్బా తీసి అలమరలో పెట్టింది నేనే కదా. వెళ్లినప్పుడెంత బరువుందో వచ్చినప్పుడూ అంతే ఉంది."

"మరి అడగలేదేంటండీ?"

"చదువుకున్న పిల్లవి, అడిగితే చిన్నబుచ్చుకుంటావనుకున్నా. నా మొహమాటానికి ఆయన నుదురు పగిలిందమ్మాయ్" అన్నారు. తిట్టి ఉంటే రెండు రోజుల్లో మరిచిపోయేదాన్ని.

నా గదికి ఆయన మళ్లీ అద్దం పెట్టించలేదు, నేనూ అడగలేదు. రోజూ కీబోర్డు మీద పొట్టు దులుపుకుని పని మొదలుపెట్టేదాన్ని. ఆయన పోయాక వాళ్లావిడ పిలిచి ఏం కావాలో తీసుకోమంటే డబ్బా తెచ్చుకున్నాను.

నిన్న దాన్ని ఎత్తి చూశాను. నిండుగా ఉంది. దివ్య మంచి పిల్ల, బాగా చదువుకుంది, నా దగ్గర చేరి మూడు నెలలైనా కాలేదు. నాకూ మొహమాటమేసింది. ముందు అవనిగడ్డకి ఫోన్ చేసి రేపు చెక్క కొయ్యొద్దని చెప్పాను. తర్వాత, "దివ్యా, ఒకసారి ఇలా వచ్చి ఈ డబ్బా ఎత్తమ్మా" అన్నాను. ఎత్తింది. మొహం పాలిపోయింది.

ఈ పొద్దున ఇద్దరం అవనిగడ్డ బస్సెక్కాం. తను దారి పొడుగునా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పర్వాలేదు. డబ్బా తన ఒళ్లోనే ఉంది.