మేకపోతు ఎక్కిన కారు

ముత్తుకూరులో కారు బాడుగకు తిప్పే జ్ఞానప్రకాశానికి తన బండి మీద ఎంత ప్రేమంటే, చెప్పులు దులుపుకుని ఎక్కమని పోర్టు ఇంజనీర్లకే చెప్పేవాడు. అలాంటివాడు అక్క అబిగయీలు మాట కాదనలేక, చర్చిలో కోతల పండుగకు ఆమె కానుకగా ఇస్తానన్న మేకపోతును చిట్టమూరు నుంచి వెనక సీటులో తీసుకొచ్చాడు. అది దారిలోనే సీటంతా తడిపేసింది.

మర్నాడు ఎక్కిన ఇంజనీరు కిలోమీటరు కాకముందే దిగిపోయాడు. ప్రకాశం సెంటు కొట్టాడు. డజను నిమ్మకాయలు కోసి సీట్ల కింద పెట్టాడు. ఆ తర్వాత భార్య పుష్పకుమారిని పిలిచి వాసన చూడమన్నాడు.

ఆమె తల లోపల పెట్టి వెంటనే బయటికి తీసింది.

"నిన్న వట్టి మేకపోతే. ఈరోజు సెంటు పూసుకుని పెళ్ళికి పోతా ఉండాది. పైపైన కొడితే పోతాదా? అది పోసిందంతా స్పాంజిలో ఉండాది. సీటు ఊడదీయి."

ఇద్దరూ సీటును పెరట్లోకి మోశారు. వెనిగర్ కలిపిన నీళ్ళు స్పాంజిలోకి ఇంకేదాకా పోసి, గట్టిగా పిండేసి, వంటసోడా చల్లి మూడు రోజులు ఎండబెట్టారు. వాసన పోయిందని పుష్ప చెప్పినా అతనికి నమ్మకం కుదరలేదు. తినే అన్నంలో కూడా మేకపోతే తగులుతుంటే తన ముక్కును తానెలా నమ్ముతాడు? అందుకే సాయంత్రం మేకల మంద ఇళ్ళకు మళ్ళే వేళకు కారు నాలుగు తలుపులూ తెరిచి నిలబడ్డాడు. ఒక ఆడమేక లోపలికి మూతి పెట్టి, వాసన చూసి, ఎవరూ లేరన్నట్టు తన దారిన తాను పోయింది.

"పుష్పా, పాసైపోయినాం!" అని వీధంతా వినపడేలా అరిచాడు ప్రకాశం.