కామేశ్వరరావు గారి ఈశాన్యం మూల

రెండు వేల పద్దెనిమిది. పటాన్‌చెరు నుంచి లక్డారం వెళ్ళే దారిలో కొత్త కాలనీ లేస్తోంది. ఇళ్ళ ప్లాన్లు గీసి, మున్సిపాలిటీలో అనుమతులు తెప్పించే ఇంజనీరుగా నేను సంగారెడ్డిలో ఆఫీసు పెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. ఆ దారి పక్కన ఇంకా జొన్నచేలు ఉండేవి. గాలి ఒకవైపు నుంచి వీస్తే పచ్చి జొన్న వాసన, ఫ్యాక్టరీల వైపు నుంచి వీస్తే మందుల వాసన. ఇప్పుడు మొదటిది లేదు.

ఆ కాలనీలో మూల ప్లాటు కామేశ్వరరావు గారిది. తెనాలి వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరి, రిటైరయ్యేదాకా క్వార్టర్స్‌లోనే కాపురం ఉన్నారు. సొంత ఇల్లు ఇదే మొదటిది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు వాళ్ళమ్మాయి నెల తప్పింది. పురుడు కొత్త ఇంట్లోనే పోయాలని ఆయన భార్య సుభద్ర గారి కోరిక.

రెండు రోడ్లు కలిసే చోట ఇల్లు కట్టేవాళ్ళు స్ప్లే వదలాలి. ప్లాటు మూలను ఏటవాలుగా కోసి, ఆ ముక్కోణం ముక్కను ఖాళీగా ఉంచడమే స్ప్లే. మలుపు తిరిగేవాళ్ళకు అవతలి రోడ్డు కనబడాలి కదా. నేను ప్లాను అలాగే గీశాను, అనుమతీ అలాగే వచ్చింది. తీరా ఇల్లు పూర్తి కావస్తుందనగా వెళ్ళి చూస్తే ప్రహరీ గోడ మూల చివరిదాకా నిటారుగా లేచి ఉంది.

"ఇదేంది సార్? మూల కొయ్యాలె గదా" అన్నాను.

ఆయన భార్య వైపు చూశారు. సుభద్ర గారు ముందుకొచ్చారు.

"అది ఈశాన్యం అమ్మా. ఈశాన్యం తెగితే పిల్లలకు అరిష్టం అంటారు. ఇన్నాళ్ళకు మా అమ్మాయి కడుపు పండింది. ఇప్పుడా మూల కొట్టించమంటే నా వల్ల కాదు."

"గోడ ప్లాన్ల ఉన్నట్టు లేకుంటే ఇల్లు పూర్తయిందని సర్టిఫికెట్ ఇయ్యరమ్మా."

"ఇవ్వకపోతే మానె!"

అది వట్టి నమ్మకమని కొట్టిపారేయడానికి నాకు నోరు రాలేదు. మా అమ్మ అయినా అదే మాట అనేది. కామేశ్వరరావు గారు గేటు దాకా నాతో వచ్చి గొంతు తగ్గించారు. "నాకు వాస్తు పట్టింపు లేదమ్మా. కానీ ఇన్నేళ్ళూ కంపెనీ గోడల మధ్య బతికాను. మేకు కొట్టాలన్నా ఒకళ్ళని అడగాలి. ఇప్పటికి నా హద్దు మీద నా గోడ లేచింది. కొట్టెయ్యమంటే ప్రాణం ఒప్పుకోవట్లేదు."

నాలుగు రోజులు ఆగి పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. కాజీపల్లి మందుల కంపెనీకి పోయే ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆ మూలలోనే బస్సు కోసం నిలబడి ఉన్నారు. గోడ పక్కన చోటు లేక సగం మంది రోడ్డు మీదే ఉన్నారు. సుభద్ర గారు గేటు దగ్గర ముగ్గు వేస్తున్నారు.

"రోడ్డు మధ్యలో ఎందుకు నిలబడతారమ్మా, ఏ బండో వస్తే?" అన్నారామె.

"యాడ నిలవడమంటవమ్మా?" అంది వాళ్ళలో ఒకామె, లక్డారం నుంచి వచ్చే యాదమ్మ. "గోడ లేసినంక అటుకెల్లి ఏమొస్తుందో కనవడ్తలేదు. నీ ఇంటికి కీడు కావొద్దు, నిజమే. మేం గూడ పిల్లలున్నోళ్ళమే గదా?"

సుభద్ర గారు ముగ్గు గిన్నె కింద పెట్టారు. నా వైపు తిరిగారు. "కొయ్యకుండా చోటు వదిలే దారి లేదా అమ్మా?"

ఉంది. పుల్ల తీసుకుని మట్టిలో గీసి చూపించాను. మూల కొయ్యకుండా రెండు గోడల్నీ పొడుగునా అయిదేసి అడుగులు లోపలికి జరిపితే, కొత్త మూల సరిగ్గా స్ప్లే గీత దగ్గర ఆగుతుంది. ఈశాన్యం చదరంగానే ఉంటుంది. ఇంటికీ ప్లాటు హద్దుకూ మధ్య వదలాల్సిన ఖాళీని సెట్‌బ్యాక్ అంటాం. మందార మొక్కల కోసమని కామేశ్వరరావు గారు నియమం కన్నా ఎక్కువే వదిలారు. కాబట్టి ఇంటిని ముట్టుకోనక్కర్లేదు. పోయేది మొక్కల చోటు.

"కోస్తే ఒక ముక్కే పోయేది. ఇలాగైతే గోడ పొడుగునా పోతుంది" అంటూ, లోపలి నుంచి వచ్చి గీత చూస్తున్న కామేశ్వరరావు గారు విసురుగా రోడ్డు మీదికి వెళ్ళి, తన గోడను చూస్తూ నిలబడ్డారు. అప్పుడే కంపెనీ బస్సు హారన్ కొట్టకుండా మలుపు తిరిగింది.

"జరుగు పెద్దాయినా!" యాదమ్మ ఆయన జబ్బ పట్టుకుని గోడకేసి లాగింది. బస్సు ఆయన చొక్కాను రాసుకుంటూ పోయి ఆగింది. ఆడవాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు. ఆయన గోడ మూల నుంచి తల బయటికి పెట్టి అవతలి రోడ్డు వైపు చూశారు. తర్వాత మేస్త్రీని పిలిచి, "కొట్టెయ్యవయ్యా. అమ్మాయి గీసినట్టు కట్టు" అన్నారు.

కొత్త గోడ లేచాక, మూలను వదిలేసి, బయట మిగిలిన తన చోటులో పాత ఇటుకలతో ఒక అరుగు కట్టించారు. ఇదెందుకని అడిగితే, "మా ఊళ్ళో అరుగు లేని ఇల్లుండేది కాదమ్మా. దారిన పోయేవాళ్ళు కూర్చోకపోతే అదేం ఇల్లు?" అన్నారు. చెప్పొద్దూ, నేను గీసిన ప్లానులో అంత బాగున్న చోటు ఒక్కటీ లేదు.

మార్చిన ప్లానుకు సర్టిఫికెట్ వచ్చింది. మనవరాలు పుట్టింది. ఒకసారి ఆ దారిన వెళ్తూ చూశాను. పాపాయి యాదమ్మ ఒడిలో ఉంది. "బస్సొచ్చేదాంక నాతోనే ఉంటది మేడం, ఏడ్వది" అంది. పక్కనే సుభద్ర గారు ఎవరి డబ్బాలోనో ఏం కూర ఉందో మూత తీసి చూస్తున్నారు.

కిందటేడు ఆ రోడ్డు వెడల్పు చేశారు. గోడ ముందే లోపలికి జరిగి ఉండటంతో దాని జోలికి రాలేదు. అరుగు మాత్రం పోయింది. ఆ సాయంత్రం కామేశ్వరరావు గారు ఫోన్ చేసి, "అరుగు తీసేశారమ్మా" అని పెట్టేశారు. ఇప్పుడు బస్సు వేళకు సుభద్ర గారు గేటు బయట కుర్చీలు వేయిస్తున్నారట.

స్ప్లేకి ఎంత పోతుందని మూల ప్లాటు వాళ్ళు ఇప్పటికీ నన్నడుగుతారు. మునుపైతే కొలత చెప్పి ఊరుకునేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే వాళ్ళను సైటుకు తీసుకెళ్ళి ఆ మూలలో కాసేపు నిలబెడతాను. అక్కడ ఎవరెవరు నిలబడతారో కలిసి చూశాకే గీత గీస్తాను.