చొక్కా మెడ వెనక నత్త

ఆ నాలుగంతస్తుల భవనంలో మెట్ల కింద ఉన్న లాండ్రీకి బోర్డు లేదు. దాని అవసరం కూడా ఎప్పుడూ రాలేదు. వీధి మలుపు తిరగ్గానే వేడి ఇస్త్రీపెట్టె కింద తడి నూలుగుడ్డ వాసన ముక్కుకు తగులుతుంది, ఆ వెంటనే ఇస్త్రీ అక్క గొంతు చెవికి తగులుతుంది. పసిపిల్లల దగ్గర్నుంచి పళ్లూడిన పెద్దాయన వరకు అందరికీ ఆవిడ ఇస్త్రీ అక్కే. కొత్తవాళ్లెవరైనా మర్యాదకని 'మేడం' అంటే, ఆ మేడం ఎవరో తన వెనక నిలబడిందేమోనని తిరిగి చూస్తుంది.

అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నవ్వు పెదాల మీదే ఉంటుంది కాబట్టి ఆ కోపాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండు విషయాల్లో మాత్రం బ్రహ్మదేవుడు దిగొచ్చినా రాజీపడదు. మరక ఉన్న బట్ట ఆ గడప దాటకూడదు. ఒకరి బట్ట ఇంకొకరి ఇంటికి పోకూడదు. కొట్టు తెరిచిన నాటి నుంచి ఒక్క జేబురుమాలు కూడా తప్పిపోలేదని అక్క చెప్పుకుంటుంది. అడిగినవాళ్లకూ చెబుతుంది, అడగనివాళ్లకూ చెబుతుంది.

తప్పిపోకపోవడానికి కారణం ఒక సిరా పెన్ను. ఎంత ఉతికినా పోని నల్ల సిరాతో ప్రతి బట్టకూ లోపలివైపు, చొక్కాకైతే మెడపట్టీ వెనక, ఒక చిన్న గుర్తు వేస్తుంది. ఏ ఇంటికి ఏ గుర్తో ఎక్కడా రాసిపెట్టుకోలేదు, అంతా ఆవిడ బుర్రలోనే ఉంది. నా గుర్తేమిటక్కా అని ఎవరైనా అడిగితే "అది కొట్టు రహస్యం" అని మూతి బిగించేస్తుంది. ఇస్త్రీపెట్టెనైనా ఒకరి చేతికి ఇస్తుందేమో గానీ, ఆ పెన్ను మాత్రం ఎప్పుడూ ఆవిడ కొప్పులోనే గుచ్చి ఉంటుంది.

పక్క కొట్టు అక్క సొంత తమ్ముడిది. ఫోన్లకు తొడుగులూ అద్దాలూ అమ్ముతాడు. రెండు కొట్లకూ మధ్య ఒకటే గోడ. ఇటువైపు అక్క తుమ్మితే అటువైపు తమ్ముడు "చిరంజీవ" అంటాడు. ఆ గోడ మీద అతనికి చాలాకాలంగా కన్నుంది. వేసవి మొదట్లో ఒకరోజు మణికట్టు దగ్గర బొత్తం ఊడిన చొక్కా వేసుకునే అక్క ముందుకొచ్చి చెయ్యి చాపాడు. తెల్లదారం అయిపోయింది. అక్క చేతికందిన పచ్చదారం ఎక్కించి కుట్టడం మొదలుపెట్టింది.

"అక్కా, ఆ భుజం సంగతి చూసుకున్నావా? చెయ్యెత్తి జుట్టు దువ్వుకోలేకపోతున్నావ్. ఇంక చాల్లే, కొట్టు మూసెయ్. ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చో. ఈ గోడ తీసేస్తే నా కొట్టు కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది."

"కాలు మీద కాలేసుకుంటే నాకు తిమ్మిరెక్కుతుందిరా. కదలకు, సూది గుచ్చుతా."

"నీ మంచికే చెబుతున్నా."

ఆ మాట నిజమేనని అక్కకూ తెలుసు. అందుకే ఎక్కువ బాధేసింది. ఇస్త్రీబల్ల ముందు నిలబడని రోజు తాను ఏమైపోతుందో ఆవిడకు ఊహకే అందలేదు. దారం పళ్లతో కొరికి, తమ్ముడి మొహంలోకి చూసింది.

"సెలవుల్లో కాలేజీ పిల్లల్ని పనికి పంపిస్తున్నారట కదా, మున్సిపల్ ఆఫీసు వాళ్లు. ఒకర్ని పెట్టుకుంటా. ఈ వేసవిలో ఒక్క బట్ట తప్పిపోయినా గోడ నువ్వే కొట్టేసుకో. పోకపోతే మళ్లీ ఈ మాటెత్తకు."

"మాట మీద నిలబడతావా?"

"నిలబడ్డం తప్ప నేను ఇంకేం చేశాన్రా ఇన్నేళ్లూ!"

అలా వచ్చింది కాలేజీ పిల్ల. రసాయనశాస్త్రం చదువుతోంది. ప్రయోగశాలలో ఇంటర్న్‌షిప్ కావాలని దరఖాస్తు పెడితే 'వస్త్రశుద్ధి విభాగం' అని వచ్చింది. అదేదో పెద్ద కంపెనీ అనుకుని, మొదటిరోజు మెరిసే బూట్లేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని, మెట్ల కింద ఆ చీకటి గది ముందు నిలబడి చిరునామా మళ్లీ మళ్లీ చూసుకుంది.

"ఇక్కడ విభాగం ఎక్కడుందండీ?"

"నువ్వు తొక్కుతున్నావు చూడు, అదే. ఆ దుప్పటి మీంచి దిగు ముందు."

స్నేహితురాళ్లు ఒకరు పిల్లల శిబిరంలో ఈత నేర్పుతూ, ఇంకొకరు అనాథ కుక్కలకు స్నానాలు చేయిస్తూ ఫోటోలు పెట్టేవారు. ఈ పిల్ల పెట్టిన ఫోటోల్లో ఆవిరి తప్ప ఏమీ కనిపించేది కాదు. మొదటివారమంతా మొహం ముడుచుకునే పనిచేసింది. చొక్కాకు మెడ ముందు, చేతులు తర్వాత, వీపు ఆఖర్న ఇస్త్రీ చెయ్యాలని తెలిశాక, తన చేతికింద ముడతలన్నీ మాయమవుతుంటే దానికే సరదా పుట్టింది. పొద్దున్నే అక్కకన్నా ముందొచ్చి కూర్చునేది. ఏ పని చెప్పినా రెండాకులు ఎక్కువ చదివిన పద్ధతిలోనే చేసేది. అక్కకు ముచ్చటేసింది. "మంచి చురుకైన పిల్ల దొరికింది" అని గోడకేసి చూస్తూ గట్టిగా అనేది, అవతలివాడికి వినపడాలని.

ఒక మధ్యాహ్నం అక్క భుజం చూపించుకోడానికి డాక్టరు దగ్గరికి బయల్దేరింది. గంగాళం పక్కన బట్టల గుట్ట చూపించింది.

"ఇవన్నీ ఉతికి ఆరేసి మడతపెట్టు. ఒక్క మరక కనిపించినా ఊరుకునేది లేదు, చెబుతున్నా."

మరకల గురించి చెప్పింది గానీ గుర్తుల గురించి చెప్పలేదు. కొట్టు రహస్యం కదా మరి.

పిల్ల చొక్కా మెడ తిప్పి చూసింది. నల్లమచ్చ. ఇంకోటి తిప్పింది. దానికీ నల్లమచ్చ. పాత సిరా మీద కొత్త సిరా పడి, నలిగి, అలుక్కుపోయి, అవి గుర్తుల్లా లేవు. అయ్యో పాపం, అక్క కొప్పులో పెన్ను కారుతున్నట్టుంది, ఆవిడకు తెలియనే లేదు అనుకుంది. ఒక్కో మచ్చా రుద్దుతూ కూర్చుంటే తెల్లారిపోతుందని, కాలేజీలో నేర్చుకున్న విద్యంతా వాడి, కొట్టులో ఉన్నవీ మందులషాపులో దొరికినవీ కలిపి ఒక మందు తయారుచేసింది. బట్టలన్నీ కట్టకట్టి అందులో ముంచింది.

సాయంత్రం అక్క వచ్చేసరికి బట్టలు మల్లెపూల గుట్టలా ఉన్నాయి. పక్కన పిల్ల మొహం వాటికన్నా వెలిగిపోతోంది.

"అక్కా, వెతుక్కున్నా ఒక్క మరక దొరకదు! మీ పెన్ను కారుతోంది చూసుకోండి."

అక్క ఒక చొక్కా మెడ తిప్పింది. ఇంకోటి తిప్పింది. గుట్టంతా తిరగేసింది. తర్వాత బల్ల మీద కూలబడింది.

"కొంప ముంచావు కదే! అవి గుర్తులే! ఏది ఎవరిదో నాకెలా తెలిసేది?"

పిల్ల బిక్కచచ్చిపోయింది. అక్క కాసేపు కొంగుతో విసురుకుంది. తర్వాత ఉన్నట్టుండి తలెత్తింది.

"ఎంత ఉతికినా పోదని డబ్బా మీద రాసి మరీ అమ్మారే ఆ సిరా. ఎలా పోగొట్టావ్?"

"అదా అక్కా, ముందు నిమ్మ ఉప్పు..." అని ఉత్సాహంగా మొదలుపెట్టి, తాను చేసింది గుర్తొచ్చి బావురుమంది. "నేను రేపట్నుంచి రానక్కా. మానేస్తా."

"నువ్వు మానేస్తే ఈ గుట్ట నోరు విప్పి చెబుతుందా ఏది ఎవరిదో? ఏడుపాపు. నీకు చెప్పంది నేను." అక్క కొప్పులో పెన్ను తడుముకుంది. కుడిచెయ్యి అవుతుందని తెచ్చుకున్న పిల్ల దగ్గరే దాన్ని దాచుకుని తిరిగింది. గోడ అవతల తమ్ముడు కూనిరాగం తీస్తున్నాడు. ఆ గోడ రేపో మాపో కూలిపోతుందన్నట్టు అక్క అటే చూస్తూ కూర్చుంది.

తానే గుర్తుపడదామంటే, భవనంలో సగంమంది ఆఫీసులకు తెల్లచొక్కాలే వేసుకెళ్తారు. పైగా అక్క ఇన్నేళ్లూ చూసింది గుర్తుల్నే గానీ బట్టల్ని కాదు.

ఉపాయం పిల్లకే తట్టింది. భవనం వాళ్లందరి ఫోన్లకూ సందేశం పంపింది: రేపు సెలవు కాబట్టి పొద్దున్నే కింద ఆవరణలోకి వచ్చి ఎవరి బట్టలు వాళ్లే గుర్తుపట్టాలి. గుర్తుపట్టినవాళ్లకు వాళ్ల గుర్తేమిటో ఇస్త్రీ అక్క స్వయంగా చెబుతుంది.

"ఆ రెండోది ఎవరు చెప్పమన్నారే నిన్ను?" అని అక్క కస్సుమంది.

"అది లేకపోతే సెలవురోజు పొద్దున్నే ఎవరు దిగొస్తారక్కా?"

మర్నాడు స్తంభాలకు తాళ్లు కట్టి బట్టలన్నీ వేలాడదీశారు. జనం నిద్రమొహాలతోనే దిగొచ్చారు. తమాషా ఏమిటంటే, సొంత చొక్కాను ఏ మగవాడూ గుర్తుపట్టలేకపోయాడు. భార్యలు, తల్లులు, చెల్లెళ్లు వచ్చి తాళ్ల మీంచి చకచకా లాగి వాళ్ల చేతుల్లో పెట్టారు. ఒకే ప్యాంటు కోసం బస్సు డ్రైవరూ, మూడో అంతస్తు పెద్దాయనా చెరోకాలూ పట్టుకున్నారు. పెద్దాయన లుంగీ మీదే దాన్ని తొడిగి చూపించబోయాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. "ఉతికితే కుదించుకుపోయింది" అని ఆయన వాదిస్తుంటే అందరికీ కడుపు చెక్కలయ్యింది.

బట్ట దొరికిన ప్రతివాళ్లూ అక్క ముందు వరసకట్టారు. అక్క సిగ్గుపడుతూనే మళ్లీ గుర్తులు వేయడం మొదలుపెట్టింది. ఇచ్చిన బట్టలు నెలకు గానీ పట్టుకెళ్లని లెక్చరరుకు నత్త. వానైనా ఎండైనా గొడుగు వదలని పెద్దాయనకు గొడుగు. డ్రైవరుకు అతని మీసం. రోజూ పోట్లాడుకుని సాయంత్రానికి కలిసిపోయే రెండో అంతస్తు దంపతులకు తోకలు పెనవేసుకున్న రెండు పిల్లులు.

"ఇన్నేళ్లుగా నత్తను మెడ మీద మోస్తున్నానా నేను!" అని లెక్చరరు నోరు వెళ్లబెట్టాడు. పిల్లుల దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారు. నాకెందుకు ఇంత చిన్న మీసం వేశావని డ్రైవరు దెబ్బలాడితే అక్క ఇంకో రెండు మెలికలు తిప్పింది. సగంమంది వాటిని జనానికి చూపించుకోవాలని మెడపట్టీలు పైకి మడుచుకుని తిరిగారు.

తాళ్ల మీద చివరికి ఒక్క తెల్లచొక్కా మిగిలింది. అది తనది కాదని అందరూ తల అడ్డంగా ఊపారు. అదే సమయానికి తమ్ముడు చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నా చొక్కా ఏది? మీగడరంగుది."

పిల్ల తాళ్లన్నీ మళ్లీ వెతికింది. మీగడరంగు చొక్కా ఎక్కడా లేదు.

"తప్పిపోయిందన్నమాట" అన్నాడు తమ్ముడు. గెలిచినవాడి గొంతులా లేదది. అక్క మొహం చూసి అతనికే ఏదోలా అయింది.

అక్క మిగిలిన తెల్లచొక్కా తీసి, చేతిపట్టీ తిప్పి తమ్ముడి కళ్లముందు పెట్టింది. అక్కడ బొత్తానికి పచ్చదారం ఉంది.

"కొన్నరోజున ఇది తెల్లదేరా. నువ్వు తొడిగి తొడిగి మీగడ చేశావ్. ఈ పిల్ల మళ్లీ తెల్లగా చేసింది."

ఆవరణంతా గొల్లున నవ్వింది. పిల్ల ఎగిరి గంతేసి లెక్చరరును కౌగిలించుకోబోయి, నాలుక కరుచుకుని, పెద్దాయన గొడుగును కౌగిలించుకుంది. తమ్ముడు చొక్కాను అటూ ఇటూ తిప్పాడు. మెడపట్టీ వెనక చూశాడు.

"మరి నా గుర్తేది? ఇది కూడా ఆ మందులో పోయిందా?"

"నీకు ఎప్పుడూ వెయ్యలేదురా. నీ చొక్కా నాకు తెలియడానికి గుర్తు కావాలా?"

తమ్ముడు ఆ ఖాళీ మెడపట్టీని వేలితో తడిమాడు. తర్వాత, చిన్నప్పుడు వాటా తక్కువైనప్పుడు అలిగినట్టే అలిగాడు.

"భవనంలో అందరికీ ఉండి నాకు లేకపోవడమేంటి? నాకూ ఒకటి కావాలి."

అక్క నవ్వుతూ ఎడమచేత్తో కొప్పులోంచి పెన్ను తీసింది. గుర్తు వేద్దామని కుడిచెయ్యి చాపబోతే భుజం కలుక్కుమంది. ఒక్క క్షణం ఆగి, పెన్ను పిల్ల చేతిలో పెట్టింది.

"నువ్వే వెయ్యి."

పిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత మెడపట్టీ వెనక చిన్న చిన్న ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, బీటలేని గోడ గీసింది. తమ్ముడు దాన్ని చూశాడు, రెండు కొట్ల మధ్యనున్న అసలు గోడకేసి చూశాడు, పకపకా నవ్వాడు.

"అర్థమైందిలే. ఆ గోడ జోలికి రాను. భుజానికి మాత్రం మందు రాసుకోవే అక్కా, నీకు దణ్ణం పెడతా."

"రాసుకుంటాన్లేరా. బరువులెత్తడానికి ఇదిగో ఇదుందిగా. వచ్చే సెలవులకీ వస్తుంది. ఏమే, వస్తావా?"

పిల్ల అప్పటికే తాళ్లు విప్పే హడావిడిలో ఉంది. వస్తానని తలూపి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలని పెన్ను తన జడలో గుచ్చేసుకుంది. అక్క చూసింది, తిరిగి అడగలేదు.