తెరవకూడని ఫైలు

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ఎవరైనా ఆ ముచ్చట మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయే రకం నేను. నా పనీ అట్లాంటిదే. రుజువు లేనిదేదీ ఒప్పుకోకూడదు.

నల్లగొండలో ఒక ప్రైవేటు ల్యాబులో, కేసుల్లో పట్టుకున్న కంప్యూటర్లు పరీక్షించేవాణ్ణి. మనిషికి వేలిముద్ర ఎట్లాగో, ప్రతి ఫైలుకూ హ్యాష్ అనే పొడుగాటి సంఖ్య అట్లా. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది. ముద్ర నుంచి ఫైలును మళ్లీ పుట్టించడం ఎవరి తరమూ కాదు. మామూలు సాఫ్ట్‌వేర్ ఫైళ్ల ముద్రలు, పేర్లు మా దగ్గర జాబితాగా ఉంటాయి. వాటితో కలిసినవన్నీ పక్కకు పోతాయి. కేసుతో సంబంధం లేనివి కాబట్టి వాటిని తెరవకూడదు.

ఆ జాబితాను కొత్త కంప్యూటర్ నుంచి తయారు చేయాలి. నేను బద్ధకించి నా సొంతదాని నుంచి చేశాను. మా నాన్నను బాపు అనేవాణ్ణి. ఆయన చనిపోయిన రోజు దవాఖాన నుంచి పంపిన వాయిస్ మెసేజ్ అందులోనే దాచుకున్నాను. అది వచ్చినప్పుడు డ్యూటీలో ఉండి వినలేదు. తర్వాత ధైర్యం చాలలేదు. రమ్మని బతిమాలి ఉంటాడని భయం. కొన్నాళ్లకు ఆ కంప్యూటర్ పాడైంది, ఫోనూ పోయింది. మెసేజ్ ఇక లేదు. జాబితాలో దాని ముద్ర మాత్రం మిగిలింది.

ఒక ఎండాకాలం నారాయణపేట నుంచి చీరల దుకాణం కంప్యూటర్ ఒకటి సీలుతో వచ్చింది. సీలు తీస్తే పని అయ్యేదాకా పరీక్షించేవాణ్ణి ఒక్కణ్ణే గదిలో పెట్టి బయట తాళం వేస్తారు. పక్కకు పోయిన ఫైళ్లు చూస్తుంటే వాటిలో ఒక వాయిస్ ఫైలు కనిపించింది. ముద్ర కలిసింది. జాబితాలో దాని పేరు, నేను పెట్టినదే: బాపు.

ఆ మెసేజ్ నేనెవరికీ పంపలేదు. ఆ దుకాణమెక్కడో కూడా తెలియదు. లేచి తలుపు బాదాను.

"పనైందా సారూ?" బయటి నుంచి వాచ్‌మన్ సైదులన్న అడిగాడు.

"కాలే అన్నా. జర తలుపు తీయి."

"కానిదే తీయొద్దన్నరు. నా నౌకరి పోతది."

ఆ ఫైలు తెరిస్తే నా నౌకరీ పోతుంది. తెరవకపోతే కంప్యూటర్‌కు మళ్లీ సీలు పడుతుంది, బాపు గొంతు ఈ జన్మకు వినలేను. చివరికి తెరిచాను.

బాపే. దగ్గుకుంటూ మాట్లాడుతున్నాడు. "బిడ్డా, ఎండల పడి రాకు. యాడున్నవో ఆడనే ఉండు. నేనే వస్త."

నేల మీద కూలబడి ఏడ్చాను. అదే రోజు ల్యాబు పెద్దసారుకు నా తప్పంతా రాసిచ్చాను. ఉద్యోగం పోయింది, పోవలసిందే.

ఆ ఫైలు అక్కడికెట్లా చేరిందో ల్యాబులో ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు బాపు నన్ను రమ్మనలేదు.