పండక్క ముక్కు

ఇద్దరికి వండే ఇంట్లో క్యాబేజీ కూరకి సగం బేరిపండు చాలు. మిగతా సగం పండక్క మరదలు కిటికీ దగ్గర నిలబడి తినేస్తుంది. పండక్క ఉన్న రోజుల్లో ఆ సగం ఆవిడది. ఆవిడ పోయి ఏడాది దాటింది.

పండక్క అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. బట్టల మిల్లు క్యాంటీన్లో ఆవిడ చేతి కూరలు తిన్న మూడు వందల మందీ కలిసి పెట్టిన పేరు. అక్కడ పెద్ద పొయ్యి పెద్ద వంటవాడిది. నంజుకునే కూరలు మాత్రం వెనక గదిలో పండక్క చేతి మీదుగా వెళ్ళేవి. ఆ గదికి ఒకటే కిటికీ. రెండు పొయ్యిలు, నడుమెత్తు రాతిబల్ల, బల్ల కింద చల్లగా ఉండే చోట మూతపెట్టిన జాడీలు.

చక్కెర డబ్బా మేనేజరు గదిలో తాళం వెనక ఉండేది. టీ నీళ్ళకి తప్ప బయటికొచ్చేది కాదు. మరి చేదు తగిలే ఆకుకూరకి, మట్టివాసన వదలని బీట్‌రూట్‌కి, ఘాటు చావని క్యాబేజీకి తీపి ఎక్కడి నుంచి తేవాలి? మచ్చపడ్డ పండ్ల బుట్టలు వారానికి రెండుసార్లు క్యాంటీనుకి వచ్చేవి. వాటిని ఎవరూ ముట్టేవారు కాదు. పండక్క ముట్టింది. బీట్‌రూట్‌లోకి ఆపిల్ తురిమింది. క్యారెట్ దించేముందు నారింజ పిండింది. చిక్కుడుకాయల్లో నానబెట్టిన ఎండుద్రాక్ష నలిపింది. పండు కనపడకూడదు, కూర తియ్యగానూ ఉండకూడదు. అదీ ఆవిడ పట్టింపు.

"చక్కెర ముందుగదిలో కాలుమీద కాలేసుకుని కూర్చునే చుట్టమే. పండేమో నేరుగా వంటింట్లోకొచ్చి కత్తిపీట అందుకునే చుట్టం," అనేది.

ఆవిడ పని అంతా ముక్కుతోనే. బుట్టలోంచి పండు తీసి తొడిమ దగ్గర ఒక్కసారి వాసన చూసి, "నువ్వు ఇవాళ," "నువ్వు ఎల్లుండి" అని పక్కన పెట్టేది. మనిషి కూడా ముక్కుసూటి. మేనేజరుకి ఒక మాట, అంట్లు తోమే అమ్మాయికి ఒక మాట ఉండేవి కావు.

మరదలు ఆవిడ తమ్ముడి భార్య. నోట్లో నాలుక లేని మనిషి అని ఇంటా బయటా పేరు. నాలుగో తరగతితో బడి మానేసింది. ఎవరైనా ఏదైనా అడిగితే తలూపి ఊరుకునేది. పెళ్ళయిన కొత్తలో పండక్క, "ఒరేయ్ తమ్ముడూ, పిల్లని తెచ్చావా, పటం తెచ్చావా?" అని అడిగితే దానికీ తలే ఊపిందట. భర్త పోయాక పండక్క తమ్ముడింట్లో ముందుగదిలోనే ఉండేది. పొద్దున్నే మిల్లుకి వెళ్ళి, సాయంత్రం ఒంటినిండా ఉల్లిపాయ వాసనతో తిరిగొచ్చేది.

ఒక వానాకాలం పండక్కకి జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు మంచం దిగలేదు. పదమూడో రోజు లేచి వంటింట్లోకొచ్చి, కోసిన ఉల్లిపాయని ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. మరదలి వైపు తిరిగింది.

"ఇది ఉల్లిపాయేనంటావా?"

మరదలు తలూపింది.

"ఊపింది చాలు గానీ తలుపు వెయ్యి," అంది పండక్క. తలుపు వేశాక నెమ్మదిగా చెప్పింది. "ఉప్పు తెలుస్తోంది. పులుపు తెలుస్తోంది. మిగతాదంతా గోడే పిల్లా. క్యాంటీన్లో తెలిసిందంటే నా పొయ్యి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ పొయ్యి లేకపోతే నేనెవర్నే? తమ్ముడింట్లో మంచం వేసుకున్న మనిషిని, అంతే కదా."

మరదలు మొదటిసారి అడక్కుండా మాట్లాడింది. "నాకు వాసన తెలుసు కదా వదినా."

వారం తిరక్కుండా మరదలు క్యాంటీన్లో కూరగాయలు కోసే పనికి చేరింది. జ్వరం నీరసం ఇంకా వదల్లేదని, సాయం కావాలని పండక్క మేనేజరుని అడిగింది. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అసలు సంగతి తమ్ముడికి కూడా చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఇద్దరికీ తెలుసు. వదినా మరదళ్ళు పొద్దున్నే కలిసి బయల్దేరుతుంటే అతను, "మీ ఇద్దరూ ఒకటయ్యారంటే ఇంక నా గతి గోవిందా," అనేవాడు.

చేరాక తెలిసింది, వాసన చూడటం తేలిక, చెప్పడమే కష్టమని. మరదలు పండు వాసన చూసి, "బాగుంది," అనేది.

"బాగుంది అనకు. బాగుంది అంటే ఏం చెప్పినట్టు? నా పెళ్ళికొడుకుని చూసొచ్చి మా అత్త కూడా అదే అంది. ఎలా ఉందో చెప్పు."

"తియ్యగా..."

"తీపి నాలుక పని. ముక్కుకి ఏం తెలిసింది?"

మరదలు కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి, "అప్పుడే తడిసిన పలకలా ఉంది," అంది.

పండక్క బేరిపండుని పక్కన పెట్టేసింది. "అయితే ఇంకా రెండు రోజులు."

అలా మాటలు పుట్టాయి. ఎండలో ఆరేసిన దుప్పటి వాసన వస్తే ఆపిల్ తురమొచ్చు. మామగారి కోటు లోపలి జేబు వాసన వస్తే ఎండుద్రాక్ష పాతబడినట్టు. పసిపిల్ల మాడు వాసన వస్తే నారింజ ఆ పూటే వాడెయ్యాలి. మరదలు రోజుకి వంద మాటలు మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంటికొచ్చాక కూడా నోరు ఆగేది కాదు. "అక్కా, దీనికి ఏం పెట్టావే?" అని తమ్ముడు విస్తుపోయేవాడు. అలా మూడేళ్ళు సాగింది. క్యాంటీన్లో ఒక్క కూరకీ చెడ్డపేరు రాలేదు. ఆ మూడేళ్ళూ తలుచుకుంటే మరదలికి ఇప్పటికీ ఆ కిటికీ వెలుతురు, రాతిబల్ల చల్లదనం, "చెప్పవే, చెప్పు" అనే ఆ గొంతు గుర్తొస్తాయి. తను అన్ని మాటలు వేరే ఎక్కడా మాట్లాడలేదు.

ఒక సోమవారం మరదలికి జలుబు చేసింది. ముక్కు రెండువైపులా బిగుసుకుపోయింది. ఆ సంగతి చెబితే పండు వేయకుండా వండాలి, వదిన మొహం చిన్నబోతుంది. అందుకని గుట్టుగా చెంగుతో ముక్కు తుడుచుకుంటూ పనిలో పడింది. ఆ రోజు పచ్చి క్యాబేజీ తురుములో ఉప్పు, మిరియాలు, ద్రాక్ష గుజ్జు కలిపి పొయ్యెక్కించకుండా పెట్టే కూర. గుజ్జు శనివారం నలిపింది. ఆ పూట సగం మందే భోజనానికి ఉండటంతో మిగిలిపోయి జాడీలోనే ఉంది. ఆదివారం మిల్లుకి సెలవు. ఎండాకాలం.

"గుజ్జు ఎలా ఉందే?" పండక్క అడిగింది.

మరదలు జాడీ మీదకి వంగింది. గోడ. "బాగుంది వదినా."

పండక్క గరిటె ఒక్క క్షణం ఆగింది. అవతలి గదిలో భోజనాల గంట కొట్టారు. "సరే, వంచెయ్," అంది.

ఆ మధ్యాహ్నం క్యాబేజీ గిన్నె అడుగున నాలుగు పోగులు తప్ప మిగల్లేదు. కొందరు రెండోసారి కాదు, మూడోసారి కూడా పెట్టించుకున్నారు. ఒకాయన కిటికీలోంచి తల పెట్టి, "పండక్కా, ఇవాళ కూర మనసుకి తగిలింది," అని వెళ్ళాడు. ఆవిడ మురిసిపోయింది.

గంట గడిచేసరికి అంట్లు తోమే అమ్మాయి నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "అక్కా, విన్నావా? బాబాయి క్యాబేజీ తాగి దొరికాడట!"

బాబాయి అంటే మగ్గాల షెడ్డులో మనిషి. వెనకటికి రెండుసార్లు తాగొచ్చి పట్టుబడ్డాడు. మూడోసారి దొరికితే ఇంక ఇంటికే. కూతురు పుట్టాక మానేసి నాలుగేళ్ళయింది. షెడ్డు మేస్త్రీ అతని పక్కనుంచి వెళుతూ ఆగి, నోరు తెరవమన్నాడట. తాగలేదు, క్యాబేజీ తిన్నానన్నాడట. షెడ్డంతా ఒకటే నవ్వట. మిగతా నోళ్ళూ అదే వాసన వేస్తున్నాయేమో చూసే ఓపిక మేస్త్రీకి లేదు. పేరుమోసిన దొంగ దొరికాక కొత్త దొంగలెందుకు?

పండక్క నవ్వలేదు. అడుగున మిగిలిన క్యాబేజీ గిన్నె తీసి మరదలి ముఖం ముందు పెట్టింది. "చూడు."

మరదలు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముక్కు పనిచెయ్యట్లేదు వదినా. పొద్దున్నుంచీ."

పండక్క తిట్టలేదు. చేతులు తుడుచుకుని గిన్నె చంకన పెట్టుకుంది.

మరదలు చెయ్యి పట్టుకుంది. "గుజ్జు పులిసిందని చెప్పు, చాలు. నీ సంగతి చెప్పకు. నేనే కలిపానని చెబుతా."

"నువ్వు మాట్లాడకు," అంది పండక్క. ఆవిడ నోట ఆ మాట మరదలు మూడేళ్ళలో మొదటిసారి విన్నది.

మగ్గాల షెడ్డు గడప ఆవిడ అంతకుముందెన్నడూ తొక్కలేదు. మరదలు వెనకే వచ్చింది. దూది పొట్టు గాల్లో తేలుతోంది. మగ్గాల చప్పుడుకి మాటలు అరిస్తే గానీ వినపడవు. బాబాయి తన మగ్గం పక్కన తల దించుకుని నిలబడ్డాడు. మేస్త్రీ చేతిలో కాగితం ఉంది.

"మేస్త్రీ గారూ, అతను తాగలేదు. కూరలో వేసిన ద్రాక్ష పులిసింది."

"అంత పులిసిపోతే వండేవాళ్ళకి వాసన తెలీదా అమ్మా? ఇతన్ని కాపాడ్డానికి కథలు చెప్పకండి."

మరదలు నోరు తెరిచింది. పండక్క ఒక్క చూపు చూసింది. ఆ నోరు మూతపడింది.

"తెలీదు," పండక్క గొంతు పెంచింది. "నాకు వాసన తెలీదు. ముక్కు పోయి మూడేళ్ళయింది. కావాలంటే మీరే చూడండి," అని గిన్నె ఎత్తి పట్టుకుంది.

మేస్త్రీ వంగి వాసన చూశాడు. వెంటనే తల వెనక్కి తీసుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాబాయి పండక్కకి దణ్ణం పెట్టబోయి, చేతులకి నూనె ఉందని ఆగి, మళ్ళీ మగ్గం నడపడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రమే మేనేజరు పిలిచాడు. మంచివాడే. కుర్చీ వేయించాడు. "వాసన తెలీని మనిషి చేతికి మూడు వందల కడుపులు ఎలా అప్పగించనమ్మా?" అన్నాడు. పండక్క, "మీరన్నది న్యాయమే," అంది. పొయ్యి మరదలికి, కత్తిపీట పండక్కకి. బయటికొచ్చే ముందు ఆవిడ తన గరిటెని కడిగి గోడకి తగిలించింది.

ఇంటిదారిలో మరదలు అంది. "నా వల్లే కదా వదినా."

"నువ్వు బాగుంది అన్నావ్. అప్పుడే ఆగాల్సింది. మూడేళ్ళు నీకు నేర్పిందేంటి, నేను విన్నదేంటి? తప్పు చెవిది, ముక్కుది కాదు." కాస్త దూరం నడిచింది. "ఇంతకీ ఎలా ఉందే ఆ కూర?"

"నేనెక్కడ చూశాను? ముక్కు బిగుసుకుపోయిందిగా."

"అంటే మూడు వందల మందికి పెట్టాం గానీ ఎలా ఉందో ఇద్దరికీ తెలీదా?"

మరదలు ముందు నవ్వింది. తర్వాత పండక్క నవ్వింది. దారిన పోయేవాళ్ళు తిరిగి చూసినా ఆగలేదు, పొట్ట పట్టుకుని ఒక ఇంటి అరుగు మీద కూర్చుండిపోయారు. లేచేటప్పుడు పండక్క కళ్ళు తుడుచుకుంది. అవి నవ్వినందుకు వచ్చిన నీళ్ళా, పొయ్యి పోయినందుకు వచ్చిన నీళ్ళా అని అడిగే ధైర్యం మరదలికి అప్పుడు లేదు. తర్వాత పదకొండేళ్ళు కలిసి అదే గదిలో పనిచేశారు, ఇంకా ఎన్నో ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. అయినా అడగలేదు.

మర్నాడు మరదలు పొయ్యి వెలిగించింది. జలుబు కాస్త తగ్గింది. ఆపిల్ తీసి వాసన చూసి, ఏం చెప్పాలో మాట వెతుక్కుంటూ అలవాటుగా వెనక్కి తిరిగింది. పండక్క కత్తిపీట ముందు కూర్చుని బీట్‌రూట్ చెక్కు తీస్తోంది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల ఎత్తలేదు.

"నాకెందుకే చెప్పడం? నన్ను చూడకు, గిన్నెలోకి చూడు," అంది.

మరదలు గిన్నెలోకి చూసింది. ఆపిల్ తురమడం మొదలుపెట్టింది.